గ్లాస్టర్ మీటియర్: బ్రిటిషువారి తొలి జెట్టు యుద్ధవిమానము

ఏ విషయమునందైనను “ఇది మొదటిది” యని చెప్పుట సులభము. దానిని నిరూపించుట కష్టము. నన్నయభట్టు ఆదికవి యగునా కాఁడా యను చర్చయందు వాదించినవారిలోఁ బెక్కండ్రు ఆదిత్వమనఁగా నేమో ముందుగా నిర్ణయించుకొనలేదు. శాసనములలోని పద్యములనుబట్టి చెప్పువారికి నొక యుత్తరమును, సమగ్రమైన గ్రంథమునుబట్టి చెప్పువారికి మఱియొక యుత్తరమును దొరకును. యంత్రముల చరిత్రమునందును నిట్టి చిక్కు గలదు. బ్రిటిషువారి తొలి జెట్టు యుద్ధవిమానమగు గ్లాస్టర్ మీటియర్ దీనికి నిదర్శనము. జర్మనుల మెసర్‌ష్మిట్ 262 ముందా, ఈ మీటియర్ ముందా యని పలువురు వాదించిరి. ఆ వాదమును దీర్పవలెనన్నచో విమాన మెగిరిన దినము నొక్కదానినే చూచినఁ జాలదు. ఊహ పుట్టుట, విమాన మెగురుట, అది యుద్ధమునఁ బ్రవేశించుట, దాని యంత్రము చిరకాలము పనిచేయుట యను నాలుగంశములను వేర్వేఱుగాఁ బరిశీలింపవలయును.

మొదట జెట్టుయంత్రమనఁగా నేమో తెలియవలెను. అంతకుఁ బూర్వపు యుద్ధవిమానములు పిస్టను యంత్రములచేఁ బ్రొపెల్లరును ద్రిప్పి యెగురునవి. ఈ పద్ధతికి రెండు హద్దులు గలవు. పైకిఁ బోయినకొలఁది గాలి పలుచనై యంత్రబలము తగ్గును. వేగము హెచ్చినకొలఁదిఁ బ్రొపెల్లరు కొనలు ధ్వనివేగమును సమీపించి, గాలిని నెట్టు శక్తిని గోల్పోవును. జెట్టుయంత్రమునఁ బ్రొపెల్లరు లేదు. ముందున్న ద్వారమునుండి గాలి లోనికిఁ బోవును. కంప్రెసరను చక్రము దానిని నొక్కి చిక్కఁబఱచును. ఆ గాలిలోఁ గిరసనాయిలు వంటి చమురు మండును. వేఁడివాయువు టర్బైను చక్రమును ద్రిప్పి వెనుకద్వారమునుండి మహావేగముతో వెడలును. ఒకే యిరుసుపై నుండుటచేత టర్బైను కంప్రెసరును ద్రిప్పుచుండును. వాయువు వెనుకకుఁ బోవుటచే విమానము ముందునకుఁ ద్రోయఁబడును. తారాజువ్వ యెగురుటకుఁ గారణమగు సూత్రమే యిది. కాని తారాజువ్వ తనకుఁ గావలసిన మందంతయుఁ దనలోనే మోసికొనిపోవును. జెట్టుయంత్రము చమురును మాత్రము మోసి, గాలిని దారిలోఁ దీసికొనును.

ఈ యంత్రమును బ్రిటనులో మొదట నూహించినవాఁడు ఫ్రాంక్ విటిల్. ఇతఁడు 1907వ సంవత్సరము జూన్ 1వ తేదీన కవెంట్రీ పట్టణమునఁ బుట్టెను. దేహము పొట్టిదని రాయల్ ఎయిర్ ఫోర్సువారు మొదట నితనిని నిరాకరించిరి. అతఁడు పట్టు విడువక మఱల యత్నించి 1923లోఁ బనినేర్చుకొను బాలుఁడుగాఁ జేరెను. 1926లో క్రాన్‌వెల్ కళాశాలకు నెన్నుకొనఁబడెను. అచ్చట 1928లో విమానముల భావివికాసమునుగూర్చి యొక వ్యాసము వ్రాసి, మిక్కిలి యెత్తున మిక్కిలి వేగముగాఁ బోవుటకుఁ బ్రొపెల్లరు పనికిరాదని వాదించెను. ఆ యూహ పరిపక్వమై 1930 జనవరిలోఁ బేటెంటుకై దరఖాస్తు పెట్టునప్పటికి నతని వయస్సు 22 సంవత్సరములు మాత్రమే.

బ్రిటిషు విమానమంత్రిత్వశాఖ ఈ యూహను ఎ. ఎ. గ్రిఫిత్ అను శాస్త్రజ్ఞుని పరిశీలనకుఁ బంపెను. అతఁడు అనుకూలముగా నభిప్రాయ మీయలేదు. ఈ యొక్క యభిప్రాయమే బ్రిటనుకుఁ బది సంవత్సరముల నష్టము కలిగించినదని కొందఱందురు. ఈ మాట కొంతవఱకే సత్యము. గ్రిఫిత్ టర్బైనులకు విరోధి కాఁడు. 1926లోనే టర్బైను ఱెక్కలను శాస్త్రీయముగా రూపొందించు పద్ధతిని వ్రాసినవాఁ డతఁడే. టర్బైనుచేఁ బ్రొపెల్లరును ద్రిప్పవలెనని యతని మతము. విటిల్ లెక్కలలోఁ గొన్ని తప్పులను గూడ నతఁడు చూపెను. ఆ కాలపు కంప్రెసర్లు తమకిచ్చిన శక్తిలోఁ బెద్దభాగమును వృథాచేయునవి. ఆ కాలపు ఉక్కు, టర్బైనులోని వేఁడికి మెత్తబడి సాగునది. కావున నానాఁటి లోహముల స్థితిని జూచి “ఇది యిప్పుడు సాధ్యము గాదు” అనుట తప్పు గాదు. “ఇఁక నెప్పుడును గాదు” అనునట్లు దానిని మూలఁబెట్టుటయే తప్పు. ఆ తప్పు గ్రిఫిత్ యొక్కనిది గాదు. అతని యభిప్రాయమునుబట్టి విషయమును మఱచిన కార్యాలయమునది. దీనికి సాక్ష్యము 1935 జనవరిలో జరిగిన చిన్న సంగతి. పేటెంటును నిలుపుకొనుటకు 5 పౌనుల రుసుము చెల్లింపవలసియుండెను. విటిల్ దగ్గఱ నంత ధనము మిగులలేదు. మంత్రిత్వశాఖ చెల్లింప నిరాకరించెను. పేటెంటు చెల్లిపోయెను. అంతేకాదు, దానిని రహస్యముగా నుంచవలెనని యెవ్వరికిని దోఁచకపోవుటచే నది యంతకుముందే యచ్చుపడి యెల్లదేశముల గ్రంథాలయములకుఁ బోయియుండెను.

విటిల్‌ను మఱల నీ పనికిఁ దెచ్చినవారు ప్రభుత్వమువారు గారు, పూర్వమిత్రులు. 1936 మార్చిలో డడ్లీ-విలియమ్స్, టిన్లింగ్ అను నిరువురి పూనికతోఁ బవర్ జెట్స్ అను చిన్నకంపెనీ యేర్పడెను. విటిల్ అప్పుడు కేంబ్రిడ్జి విద్యార్థిగా నున్న వైమానికాధికారి. ఆ కంపెనీ పనికి వారమునకు 6 గంటలు మాత్రమే వినియోగింపవచ్చునని ప్రభుత్వము సెలవిచ్చెను. 1937 ఏప్రిల్ 12వ తేదీన రగ్బీ పట్టణమందలి బ్రిటిష్ థామ్సన్-హ్యూస్టన్ కర్మాగారమున మొదటి యంత్రము తిరిగెను. తిరుగుటయే గాదు, పట్టు తప్పెను. చమురు కవాటమును మూసినను వేగము హెచ్చుచునేయుండెను. కీచుమని యఱచు నా యంత్రమును జూచి చుట్టునున్నవారు పరుగెత్తిరి. ముందుగాఁ గాఱిన చమురు మంటగది యడుగునఁ జేరి మండుచుండుటయే కారణమని పిదపఁ దెలిసెను. ఇట్టి ప్రమాదములు, ధనలోపము, కరఁగి విఱిగిన ఱెక్కలు, వీనితో రెండు సంవత్సరములు గడచెను. ప్రయోగశాల లటర్‌వర్త్ పట్టణమునకు మాఱెను. 1939 జూన్‌లో మంత్రిత్వశాఖవారి శాస్త్రపరిశోధనాధ్యక్షుఁడు డేవిడ్ పై వచ్చి 20 నిమిషములసేపు ఆటంకము లేక తిరిగిన యంత్రమును గన్నులారఁ జూచి నమ్మెను. ఆ పిమ్మటనే ప్రభుత్వధనము ప్రవహించెను.

కాని యప్పటికి జర్మనీలో మఱియొక యువకుఁడు పని ముగింపవచ్చెను. హాన్స్ ఫాన్ ఓహైన్ అనునతఁడు 1936లోఁ బేటెంటు పొంది, విమాననిర్మాత హైన్‌కెల్ ఆశ్రయమునఁ జేరెను. అతని యంత్రముతో హైన్‌కెల్ 178 విమానము 1939 ఆగస్టు 27వ తేదీన నెగిరెను. జెట్టుయంత్రముచే నెగిరిన మొదటి విమానమిదియే. దీనియందు సందేహము లేదు. విటిల్ పేటెంటును జూచి ఓహైన్ నేర్చెనా యను ప్రశ్నపై వాదములు గలవు. తన యూహ స్వతంత్రమని ఓహైన్ చెప్పెను. ఇరువురి నిర్మాణములకును గల భేదము లా మాటకుఁ బోషకములుగానే యున్నవి. కావున ఊహయందు విటిల్‌కును, ఎగురుటయందు ఓహైన్‌కును బ్రాథమ్యము నొసఁగుట న్యాయము.

బ్రిటనులో మొదటి జెట్టువిమానమును నిర్మించు భారము గ్లాస్టర్ కంపెనీకిని, దాని రూపశిల్పి జార్జి కార్టర్‌కును లభించెను. ఈ. 28/39 అను గుఱుతుగల యా చిన్నవిమానము 1941 మే 15వ తేదీ సాయంకాలము క్రాన్‌వెల్ మైదానమునుండి లేచి 17 నిమిషము లెగిరెను. దానిని నడపినవాఁడు జెర్రీ సేయర్. పదమూఁడేండ్లకు ముందు విటిల్ తన వ్యాసమును వ్రాసినది యీ క్రాన్‌వెల్‌లోనే. ఆ యంత్రము త్రోపుబలము సుమారు 860 పౌండ్లు. ఇది ప్రయోగమునకుఁ జాలును. నాలుగు ఫిరంగులను మోయవలసిన యుద్ధవిమానమునకుఁ జాలదు. ఒక్క యంత్రము చాలదు గనుకఁ గార్టర్ రెండు యంత్రములను రెండు ఱెక్కలలో నిమిడ్చి యుద్ధవిమానమును గల్పించెను. దీని గుఱుతు ఎఫ్. 9/40. మొదట థండర్‌బోల్ట్ అని పేరు పెట్టఁదలఁచిరి గాని యమెరికావారి విమానమొకటి యా పేరుతో నుండుటచే మీటియర్ అనఁగా ఉల్క యని మార్చిరి. యంత్రముల నంత దూరముగా నుంచుటవలనఁ బిదపఁ గలిగిన కీడు ముందు చెప్పఁబడును.

విమానము సిద్ధమగుచున్నను యంత్రములు సిద్ధము గాలేదు. వానిని దయారుచేయు పని మోటారుకార్లు చేయు రోవర్ కంపెనీకి నొప్పగింపఁబడెను. రోవర్ పనివారును విటిల్‌ను నొకరినొకరు నమ్మలేదు. రోవర్‌వారు విటిల్‌కుఁ దెలియకుండ యంత్రరూపమును మార్చుచున్నారని యతని కోపము. విటిల్ నమూనాలో గాలి వెనుకకు మడఁగి ప్రవహించును. రోవర్‌లోని అడ్రియన్ లంబర్డ్ దానిని దిన్నగాఁ బ్రవహింపఁజేసెను. కోపము న్యాయమైనదైనను, మార్పు గూడ మంచిదే. తరువాతి డెర్వెంట్ యంత్రమున కదియే మూలము. 1943 ఆరంభమున రోవర్ తన జెట్టు కర్మాగారమును రోల్స్-రాయిస్ కంపెనీకిచ్చి, దానికి బదులుగా యుద్ధశకటముల యంత్రములు చేయు కర్మాగారమును దీసికొనెను. ఆ వినిమయము తరువాతనే పని వేగమందెను. రోల్స్-రాయిస్‌వారు ధార యెడతెగక ప్రవహించు యంత్రములకు నదుల పేళ్లు పెట్టిరి. వెలండ్, డెర్వెంట్, నీన్ ఇవన్నియు నింగ్లండు నదులే. అయినను మీటియర్ 1943 మార్చి 5వ తేదీన మొట్టమొదట నెగిరినప్పుడు దాని ఱెక్కలలోనున్నవి విటిల్ యంత్రములు గావు. అప్పటికి వానికంటె ముందుగాఁ దయారైన హాల్ఫర్డు రూపించిన డీ హావిలండు యంత్రములతో మైకేల్ డాంట్ దానిని క్రాన్‌వెల్‌లో నెగురవేసెను.

1944 జూలై 12వ తేదీన రాయల్ ఎయిర్ ఫోర్సు 616వ స్క్వాడ్రనునకు మీటియర్లు వచ్చెను. అప్పుడు దక్షిణ ఇంగ్లండుపై జర్మనుల వీ-1 అను చోదకుఁడు లేని బాంబులు పడుచుండెను. స్క్వాడ్రను కెంట్ మండలమందలి మాన్‌స్టన్‌కుఁ జేరి జూలై 27వ తేదీన మొదటిసారి యుద్ధవిధికి లేచెను. ఆగస్టు 4వ తేదీన డీన్ అను నధికారి యొక బాంబును వెంటాడెను. ఫిరంగులు మొరాయించెను. అతఁడు వెనుదిరుగక, తన ఱెక్కకొనను బాంబు ఱెక్క క్రిందికిఁ జేర్చి పైకెత్తెను. బాంబు తలక్రిందై పొలములలోఁ గూలెను. యుద్ధము ముగియులోఁగా నీ స్క్వాడ్రను పండ్రెండింటికిఁ బైగా నట్టి బాంబులను గూల్చెను.

ప్రాథమ్యవివాదమునకు మూలమిచ్చటనే యున్నది. మెసర్‌ష్మిట్ 262 జెట్టుయంత్రములతో 1942 జూలై 18వ తేదీననే యెగిరెను. అనఁగా మీటియర్ కంటె ఏడు నెలలకుఁ బైగా ముందు. 1944 జూలై 26వ తేదీన నొక మెసర్‌ష్మిట్ 262 బ్రిటిషువారి మస్కిటో విమానముపైఁ బడెను. మస్కిటో తప్పించుకొని యిటలీలో దిగెను. మీటియర్ యుద్ధవిధికి లేచినది దాని మఱునాఁడు. అందుచే యుద్ధప్రవేశమున జర్మనులకు నొక్కదినపు ప్రాథమ్యము చెప్పవచ్చును. కాని పోరాటమునకు మెసర్‌ష్మిట్‌ను దెచ్చినది ప్రయోగ దళము. మీటియర్‌ను దెచ్చినది సాధారణ స్క్వాడ్రను. నిర్వచనము మాఱినచో ఫలితము మాఱును. ఒక దినపు భేదముపై నింత వాదము నిలుచుట, ఆదిత్వనిర్ణయ మెంత బలహీనమగు పునాదిపై నుండునో తెలుపుచున్నది.

వేగమున మెసర్‌ష్మిట్ 262 మిన్న. అది గంటకు 540 మైళ్ల వేగము పొందఁగా మొదటి మీటియర్ సుమారు 410 మైళ్లకే పరిమితమయ్యెను. మఱి మీటియర్ దేనియందు మిన్న? ఆయుర్దాయమునందు. వెలండ్ యంత్రమును 180 గంటలు వాడిన పిమ్మటఁ గాని విప్పి బాగుచేయ నవసరము లేకుండెను. మెసర్‌ష్మిట్‌లోని యూమో 004 యంత్రము 10 మొదలు 25 గంటలకే పనికిరాకుండఁ బోవుచుండెను. దీనికి జర్మను శిల్పుల యసమర్థత కారణము గాదు. వారి యక్షీయ కంప్రెసరు, అనఁగా గాలిని దిన్నగా వరుస ఱెక్కలగుండఁ బంపునది, సన్నమై విమానవేగమునకు మేలైనది. ప్రపంచము తరువాత స్వీకరించిన మార్గము గూడ నదియే. విటిల్ కంప్రెసరు గాలిని అంచులకుఁ జిమ్మునది, లావైనది, కాని మొరటుదై గట్టిది. అంతకంటె ముఖ్యమైన భేదము లోహమునందు గలదు. బ్రిటనునందు నికెలు ప్రధానముగాఁ గల నిమోనిక్ మిశ్రలోహము లభించెను. జర్మనీకి నికెలును గ్రోమియమును దుర్లభములై, మంటగదులను సామాన్యపు టుక్కుతోఁ జేసి పైన అల్యూమినియము పూయవలసివచ్చెను. మేలైన నమూనాకు నాసిలోహము, మొరటు నమూనాకు మేలిలోహము తోడుపడినవి. యంత్రము నడచుటకు బుద్ధి యెంత కావలెనో గనియు నంత కావలెను.

1945 ఆరంభమున మీటియర్లు బెల్జియమునకుఁ బంపఁబడెను. మిత్రపక్షపు ఫిరంగివారు పొరపాటున గూల్చకుండుటకై వానికిఁ దెల్లరంగు పూసిరి. శత్రుభూమిలోఁ గూలినచో రహస్యము బయటఁబడునను భయముచే మొదట వానిని యుద్ధరేఖ దాఁటనీయలేదు. మీటియరును మెసర్‌ష్మిట్ 262ను ఆకాశమున నెదురుపడి పోరలేదు. ఏది గెలుచునో చరిత్రము చెప్పదు.

యుద్ధము ముగిసిన తరువాత మీటియర్ కీర్తి పెరిగెను. 1945 నవంబరు 7వ తేదీన హెచ్. జె. విల్సన్ హెర్న్ బే వద్ద గంటకు 606 మైళ్ల వేగముతో నెగిరి ప్రపంచపు వేగలేఖ్యమును స్థాపించెను. దానికి ముందున్నది 1939లో జర్మనులు స్థాపించిన 469 మైళ్లు. 1946 సెప్టెంబరు 7వ తేదీన డొనాల్డ్‌సన్ దానిని 616 మైళ్లకుఁ బెంచెను. అదే సంవత్సరము జూలై 24వ తేదీన బెర్నార్డ్ లించ్ మీటియర్‌నుండి మార్టిన్-బేకర్‌వారి యెగురు ఆసనముతో వెలికిఁ దూఁకి క్షేమముగా దిగెను. 1945లోనే టర్బైనుచేఁ ద్రిప్పఁబడు ప్రొపెల్లరు మొదటిసారి పరీక్షింపఁబడినది గూడ మీటియర్ మీఁదనే. అర్జెంటీనా, ఆస్ట్రేలియా, బెల్జియము, డెన్మార్కు, ఈజిప్టు, ఇజ్రాయేలు మున్నగు దేశములు దీనిని గొనెను. మొత్తము 3,900కుఁ బైగా మీటియర్లు తయారయ్యెను.

ఈ కీర్తిపక్కన నొక దుఃఖపులెక్క గలదు. రాయల్ ఎయిర్ ఫోర్సువారి వాడుకలో సుమారు 890 మీటియర్లు నష్టమయ్యెను. సుమారు 450 మంది చోదకులు మృతినొందిరి. వీరిలో నత్యధికులు శాంతికాలమునఁ జచ్చినవారు. ఒక యంత్రము బలము చాలక రెండింటిని దూరముగా నుంచుటచే, ఒకటి యాగినచో రెండవది విమానమును ప్రక్కకు లాగివేయును. వేగము తక్కువగా నున్నప్పుడు దానిని నిలుపుటకుఁ జుక్కానిపై మిక్కిలి బలము కావలెను. దీని నభ్యసించుటకై శిక్షకులు బుద్ధిపూర్వకముగా నొక యంత్రమును ఆపుచుండిరి. నిజముగా యంత్రము చెడుటచేఁ జచ్చినవారికంటె నీ యభ్యాసమునఁ జచ్చినవారే యెక్కువయని చెప్పుదురు. వేగనిరోధపు పలకలను దెఱచియుంచి చక్రములను దింపినచో విమానము హఠాత్తుగా ముక్కు వంచి పడుట మఱియొక యపాయము. శిక్షణకై చేసిన ఇరువురు కూర్చుండు టీ. 7 మీటియర్‌లో నెగురు ఆసనములు లేవు. ఆ యాసనమును లోకమునకుఁ జూపిన విమానమే తన విద్యార్థులకు దాని నీయకపోవుట శోచనీయము.

కొరియా యుద్ధమున మీటియర్‌కుఁ దన వంశస్థుఁడే ప్రతిద్వంద్వి యయ్యెను. 1946లో బ్రిటిషు ప్రభుత్వము నీన్, డెర్వెంట్ యంత్రములను సోవియట్ రష్యాకు విక్రయించెను. రష్యనులు నీన్‌ను జూచి తమ యంత్రమును జేసికొని మిగ్-15లో నమర్చిరి. దాని వెనుకకు వాలిన ఱెక్కలకు జర్మనుల పరిశోధనలు తోడ్పడెను. విటిల్ వంశపు యంత్రమును, జర్మను జ్ఞానపు ఱెక్కయు నొక విమానమునఁ గూడెను. 1951లో ఆస్ట్రేలియా 77వ స్క్వాడ్రను మీటియర్లతో నా మిగ్గుల నెదుర్కొనెను. తిన్నని ఱెక్కల మీటియర్ వానికి సరిగాలేదు. డిసెంబరు 1వ తేదీన సున్‌చొన్ వద్ద జరిగిన పోరులో మూఁడు మీటియర్లు కూలెను. తరువాత నా స్క్వాడ్రను ప్రధానముగా నేలమీఁది లక్ష్యములపై రాకెట్లు ప్రయోగించు పనికి నియోగింపఁబడెను.

భారతదేశమునకు మీటియర్ యుద్ధవిమానముగా రాలేదు. కాని దాని చరిత్రలోని యొక శాఖ యిచ్చటికి వచ్చినది. 1943 మార్చిలో మీటియర్‌ను మొదట లేపిన హాల్ఫర్డు యంత్రమే పిదప గాబ్లిన్ అను పేరుతో డీ హావిలండు వాంపైర్ విమానమున నమరెను. 1948లో భారత వైమానికదళమునకు వచ్చిన తొలి జెట్టువిమానము లీ వాంపైర్లే. తరువాత బెంగుళూరు హిందూస్థాన్ కర్మాగారమున నవి తయారు చేయఁబడెను.

విటిల్‌కుఁ గలిగినది మిశ్రఫలము. అతని కంపెనీని ప్రభుత్వము 1944లోఁ దన వశము చేసికొనెను. 1946లో నతఁడు రాజీనామా ఇచ్చెను. 1948లో సర్ బిరుదమును, 1,00,000 పౌనుల పారితోషికమును లభించెను. 5 పౌనులకై వెనుదీసిన ప్రభుత్వమే పదునాలుగేండ్లు గడవకమునుపు లక్ష పౌను లిచ్చెను. 1991లో విటిల్, ఓహైన్ ఇరువురును డ్రేపర్ బహుమానమును గలిసి పొందిరి. విటిల్ 1996 ఆగస్టులో నమెరికాలో మరణించెను.

కాఁబట్టి మీటియర్ విషయమునఁ దేలిన సిద్ధాంతమిది. ఊహయందు విటిల్, ఎగురుటయందు ఓహైన్, యుద్ధప్రవేశమున నొక్కదినము ముందుగా మెసర్‌ష్మిట్, ఆయుర్దాయమున మీటియర్ మొదటివారు. ఒక్కరికే సర్వము నొసఁగుట చరిత్రము గాదు, స్తోత్రము. ఇఁక నాలస్యమునకుఁ గారణమేమనఁగా, బుద్ధిమంతుల కొఱత గాదు, ఒకరి బుద్ధిని మఱియొకరు నమ్మకపోవుట. “ఇప్పుడు కాదు” అను శాస్త్రజ్ఞుని మాటను “ఎన్నఁడును గాదు” అని చదివిన కార్యాలయము పది సంవత్సరములను బోఁగొట్టెను. తొందరపడి లోపములతోనే విమానమును పెక్కుమంది యువకులచేతి కిచ్చుటవలనఁ బోయినవి ప్రాణములు. మీటియర్ చరిత్రమును జెప్పువారు వేగలేఖ్యముల సంఖ్యలతోఁబాటు 450 అను సంఖ్యను గూడఁ జెప్పినఁ గాని యా చరిత్రము పూర్ణము గాదు.